తూర్పు మూల నీళ్ళు

చింతామణి,
15-6-2025

మామా,

ఇక్కడ మా ఉత్తరాలన్నీ వార్డెన్ మేడం తెరిచి చూసి, ముద్ర వేసి గాని పోస్టుకు పంపదు. ఆమెది ధారవాడ పక్క, తెలుగు రాదు. నా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి "ఇదేం భాష?" అంది. "మా ఇంటి భాష మేడం. బాగా చదువుతున్నానని మా మామకు రాశాను" అన్నాను. ముద్ర పడింది. చిన్నప్పుడు టెంపోలో నీ పక్కన కూర్చోబెట్టుకుని, సినిమా పోస్టర్ల మీది అక్షరాలు చూపించి నేర్పావే, ఆ తెలుగు ఇన్నాళ్ళకు పనికొచ్చింది. మనిళ్ళల్లో మాట్లాడేదంతా తెలుగే, బళ్ళో నేర్చేదంతా కన్నడం. నా గొలుసు రాత చదవగలిగేది లోకంలో నువ్వొక్కడివే.

ఫోను తీసేసుకున్నారు. ఆదివారం ఒక్కసారి వార్డెన్ ఫోనులో ఇంటికి మాట్లాడనిస్తారు, ఆమె పక్కనే నిలబడి ఉంటుంది. మెడికల్ సీటు కోసం రెండోసారి రాసేవాళ్ళమంతా ఒకే గదిలో ఉన్నాం. ఎవరూ నవ్వరు.

అసలు సంగతికి వస్తాను. నీ దగ్గర పెట్టి వచ్చిన లాప్‌టాప్‌లో కోట కట్టే ఆట ఉంది. పోయినేడు మార్కులు తగ్గింది దానివల్లేనని నాయన అంటే, తీసేశానని ఆయన చేతిలో చెయ్యేసి చెప్పాను. తీసెయ్యలేదు మామా. పళ్ళెం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ చెయ్యి గుర్తొస్తుంది. అయినా తీసెయ్యమని నీకు రాయడానికి మనసు రావడం లేదు. ఏడాది కట్టాను దాన్ని. అందులో గడ్డాల పొట్టోళ్ళు ఏడుగురున్నారు. వాళ్ళకు తిండీ పడకా చూస్తూ ఉండు, చాలు.

ఒక్కటే జాగ్రత్త. కోట తూర్పు మూలన, రెండో పొర కిందే నీళ్ళ పొర ఉంది. అక్కడ తవ్వితే నీళ్ళు ఆగవు. నాలుగు పక్కల నుంచీ ఊరతాయి. ఎంత తోడినా తరగవు. ఇనుము దాని కింద ఉంది, ఆ నీళ్ళే అడ్డం. నేను చెప్పేదాకా అటు పోవద్దు.

నాయన దగ్గర ఆట మాట ఎత్తొద్దు. నీ మీద ఒట్టు.

వినుత


బాగేపల్లి,
22-6-2025

డాక్టరమ్మ కాబోయే మేనకోడలికి, టమాటా టెంపో మామ రాసేది ఏమనగా,

నీళ్ళు అడ్డమంటావా! ఈ మాట మన ఊళ్ళో కేక వేసి చెప్పి చూడు, చెప్పులతో తరుముకుంటారు. ఇక్కడ బండను ఎంత లోతుకు పొడిచినా తడి తగలక జనం ఆకాశం చూస్తున్నారు. అక్కడ నీ పొట్టోళ్ళేమో రెండో పొరకే నీళ్ళొచ్చాయని ఏడుస్తున్నారు. వాళ్ళను తెచ్చి మన చేలో వదిలిపెడదామా?

వద్దన్నావు కాబట్టి తవ్వాను. మునినారాయణకు వద్దని చెప్పడమే తప్పు, అది నీకు తెలియంది కాదు. ఒకడు మునిగాడు. వాడికి మన ఊరి బయ్యప్ప పేరు పెట్టుకున్నాను కాబట్టి పెద్దగా బాధ కలగలేదు. అదే, టెంకాయ అరచేతిలో నిలబెట్టుకుని చేలల్లో తిరుగుతూ, అది లేచిన చోట నీళ్ళున్నాయని చెప్పే బయ్యప్ప. మీ నాయన చేత రెండు ఉత్త బోర్లు వేయించిన మహానుభావుడు. నీళ్ళలోనే పోయాడు, ఇంకేం కావాలి?

మీ అత్త నేత్ర వెనకాల నిలబడి "లోడు ఎత్తేది మానేసి బొమ్మలను మేపుతాండావా, సిగ్గు లేదా నీకు?" అంటోంది. లేదని చెప్పాను.

నీ ఉత్తరం చేరినప్పుడు నేను మీ ఇంటి అరుగు మీదే ఉన్నాను, మీ నాయన పక్కన. ఏం రాసిందో చదవమన్నాడు. భయపడొద్దు, ఆట మాట ఎత్తలేదు. ఎట్లా చదివానో నువ్వొచ్చాక చెప్తాను, కడుపు పట్టుకుని నవ్వుతావు.

తాత్కాలికంగా నీ కోటను ఏలుతున్న,
మునినారాయణ మహారాజు


చింతామణి,
30-6-2025

మహారాజా,

బయ్యప్పను ముంచినందుకు నీకు రాజ్యం ఇవ్వకుండా ఉండాల్సింది. సరే, దాటే ఉపాయం చెప్తాను, విను. నీళ్ళను తోడి గెలవలేం. పై పొరలో ఉన్న పొడి మట్టి ముద్దను చుట్టూ తవ్వి విడదీసి, ఒక్కసారిగా కిందికి పడెయ్యాలి. అది నీళ్ళ పొరలోకి బిరడాలా దిగుతుంది. ఆ బిరడా నడిమధ్య నుంచి మెట్లు తవ్వుకుంటూ పోవాలి. చుట్టూ నీళ్ళుంటాయి, లోపల మాత్రం చుక్క కూడా రాదు. పడేసేటప్పుడు కింద ఎవరూ లేకుండా చూసుకో.

నిన్న నాయనతో మాట్లాడాను. నువ్వు ఏం చదివి వినిపించావో గాని గొంతు వేరేగా ఉంది. "నువ్వు రాసిందంతా మీ మామ చదివి చెప్పినాడు తల్లీ. అది నిజమేనా?" అన్నాడు. బాగా చదువుతున్నానని నువ్వేదో కల్పించి చెప్పి ఉంటావు, కాదంటే ఆట సంగతి బయటపడుతుందని భయపడ్డాను. "నిజమే నాయనా" అన్నాను. "బాగా చూసి రాసినావా?" అన్నాడు. "చూసే రాశాను" అన్నాను. వార్డెన్ నన్నే చూస్తోంది. ఫోను పెట్టేశాక చేతులు కడుక్కోవాలనిపించింది. ఆయనతో ఇది రెండో అబద్ధం.

ఇంతకీ నువ్వు చదివి వినిపించిందేమిటి?

వినుత


బాగేపల్లి,
13-7-2025

వినుతా,

మీ నాయన పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆయన చెప్పమన్నది చెప్పినట్టు రాస్తున్నాను.

"బోరు వేయించినాము తల్లీ. నీళ్ళు పడినాయి. నువ్వు చెప్పిన చోటనే పడినాయి. నీ చదువు ఊరికే పోలేదు. ఇంట్లో అందరూ బాగుండారు. మా మీద ఆలోచన పెట్టుకోవద్దు. వచ్చే నెల చూసేదానికి వస్తాము."

ఇంతవరకు ఆయన మాట.

నాకు రాయడానికేమీ లేదు. కోట బాగుంది. బిరడా ఇంకా పడెయ్యలేదు, తీరిక చిక్కలేదు. టమాటా ధర పడిపోయింది.

మునినారాయణ


చింతామణి,
20-7-2025

మామా,

నీ ఉత్తరం చదివి గదిలో అందరికీ చెప్పాను, మా చేలో నీళ్ళు పడ్డాయని. రశ్మి అని జంగమకోటె అమ్మాయి ఉంది, వాళ్ళకూ మూడు బోర్లు ఎండిపోయాయి. ఆమె లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పొద్దుటి దాకా సంతోషంగానే ఉన్నాను.

తర్వాత మళ్ళీ చదివాను. నేను చెప్పిన చోటంటే ఎక్కడ? బోరు గురించి నేనెప్పుడు చెప్పాను?

నీ ఉత్తరంలో ఒక్క ఎగతాళి లేదు. కింద మహారాజు లేడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఈ రోజు ఫోనులో అమ్మను అడిగాను, నీళ్ళు ఎలా ఉన్నాయని. "ఉండాయి తల్లీ" అని ఆగిపోయింది. వాళ్ళు దొడ్లో నిలబడి మాట్లాడతారు, ఎప్పుడూ వెనక మా ఆవు బెళ్ళి గొలుసు చప్పుడు వినిపిస్తుంది. ఈ రోజు వినపడలేదు. బెళ్ళి ఎలా ఉందన్నాను. అమ్మ ఫోను నాయనకిచ్చేసింది. నాయన "మేతకు పోయిండాది" అన్నాడు. సాయంత్రం పాలు పితికే వేళకు మేతకెక్కడికి పోతుంది మామా?

తూర్పు మూల అని నేను రాసింది ఒక్క ఉత్తరంలోనే. ఆ ఉత్తరం నాయనకు ఎలా చదివావు? నవ్వించకుండా చెప్పు.

వినుత


బాగేపల్లి,
27-7-2025

వినుతా,

నవ్వించడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు బావ మీ ఇంటి అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. "ఏమి రాసిండాది పాప? చదువప్పా" అన్నాడు. క్షేమంగా ఉన్నానని రాసింది అంటే సరిపోయేది. నువ్వు అడిగింది అంతే. కానీ బావ అంత అమాయకంగా, అంత నమ్మకంగా తలెత్తి చూస్తే నా నాలుక ఊరుకుంటుందా? పెళ్ళిలో ఆయన చెప్పులు దాచినవాణ్ణి, ఇరవై ఏళ్ళుగా దాస్తూనే ఉన్నవాణ్ణి. "మన చేను తూర్పు మూలన, రెండో పొర కిందే నీళ్ళ పొర ఉంది" అని చదివాను. నువ్వు కోట అని రాసిన చోట చేను అన్నాను. ఇనుము మాట మింగేశాను. మిగతాదంతా నీ రాతే. అక్కడ తవ్వితే నీళ్ళు ఆగవు. ఎంత తోడినా తరగవు.

బావ తాడు కింద పెట్టాడు. "మళ్ళా చదువు."

మళ్ళీ చదివాను.

"యాడ అనింది?"

"తూర్పు మూల బావా."

"దానికెట్ల తెలుసప్పా?"

"కాలేజీలో శాటిలైటు పెట్టి భూమి లోపల చూపిస్తాండారంట. మన ఊరు చూసుకుందంట."

లోపల నుంచి మీ అమ్మ వచ్చింది. "చూడు, అంత దూరం పోయి కూడా మన చేను చూసుకునిండాది" అని కొంగు కళ్ళకు పెట్టుకుంది. అప్పుడైనా నవ్వేసి ఉండాలి. నవ్వు గొంతు దాకా వచ్చింది. వాళ్ళిద్దరి మొహాలు చూసి, రేపు చెప్దాంలే అనుకున్నాను.

మరుసటి రోజు బావ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టించాడు. "నేనే చదువు మాన్పించాలనుకుంటి మునీ. ఒక్కసారి తప్పినాది, చాలు, ఇంక పెళ్ళి చేసేద్దామనుకుంటి. అట్లా చేసుంటే ఎంత పాపం!" అన్నాడు. నా నోట్లో ముద్ద ఉంది. చెప్పడం ఇంకా కష్టమైంది. ఆ నమ్మకం నా అబద్ధం మీద నిలబడి ఉంది, తీసేస్తే నీ చదువు కూడా కూలుతుందని నాకు నేనే ఒక సాకు కట్టుకున్నాను. సాకులు కట్టడంలో నేను నీ పొట్టోళ్ళ కన్నా పెద్ద పనివాణ్ణి.

అయినా లోపల ఒక ధైర్యం ఉండేది. ఆదివారం ఫోనులో అడుగుతాడు, నువ్వు నాకేం తెలియదంటావు, నాలుగు తిట్లతో పోతుంది అనుకున్నాను. నువ్వు నిజమే అన్నావంట. బావ ఫోను జేబులో పెట్టుకుని నేరుగా చిక్కబళ్ళాపురకు బస్సెక్కాడు, బోరు లారీ మాట్లాడటానికి. నీ మీద తప్పు నెట్టడానికి రాయడం లేదు తల్లీ. అడ్డుపడాల్సింది నేను. నా పని నీ నోటితో జరుగుతుందని కాచుకుని కూర్చున్నాను.

లారీ కోసం బెళ్ళినీ దాని పెయ్యనూ అమ్మారు. ఎవరి టెంపోలో ఎక్కించారని అడగవు, అయినా చెప్తాను. నా టెంపోలోనే. చింతామణి సంతకు నేనే తోలాను. మీ కాలేజీ గోడ పక్క నుంచే పోయాం. దారి పొడుగునా బెళ్ళి నా సీటు వెనక రేకుకు గడ్డం ఆనించి నిలబడింది, దాని ఊపిరి కిటికీలోంచి నా మెడకు తగులుతూనే ఉంది. బావ పక్కన కూర్చుని "నీళ్ళు పడితే ఇట్లాంటివి నాలుగు కొంటాము, ఏమంటావు?" అన్నాడు. అవును బావా అన్నాను. చెప్పాలంటే దారంతా ఉంది.

బోరు దించిన రోజు పూజ చేసి, నిమ్మకాయ తొక్కించి మొదలుపెట్టారు. తెల్లటి దుమ్ము లేచింది, అంతే, లేస్తూనే ఉంది. ఊరంతా మొహాలకు గుడ్డలు కట్టుకుని నిలబడ్డారు. బావ మాత్రం కట్టుకోలేదు. రిగ్గు వాడి దగ్గరకు పోయి "రెండో పొర దాటిందా అప్పా?" అని అడుగుతున్నాడు. వాడు నవ్వి "పొరలేమి పెద్దాయనా, పైనుంచి కిందికి ఒకటే బండ" అన్నాడు. బయ్యప్ప కూడా వచ్చి చూసి, నా భుజం మీద చెయ్యేసి "నీ టెంకాయ కూడా లేవలేదా?" అన్నాడు. ఎగతాళి నాకు తగలాల్సిన చోటే తగిలింది. చివరికి ఇంక కడ్డీలు లేవని ఆపేశారు. బావ కనురెప్పల మీద కూడా దుమ్మే. ఆ దుమ్ములోనే కూర్చుని నన్ను పిలిచాడు.

నిజం చెప్పేద్దామని కూర్చున్నాను వినుతా. ఆయనే ముందు మాట్లాడాడు.

"పాపకు చెప్పొద్దప్పా. చిన్నది, యాడో తప్పు చూసుంటాది. దాని మాట మీద తవ్వించి, ఉండే ఆవును కూడా పోగొట్టుకున్నామని తెలిస్తే పుస్తకం ముందర కూర్చోలేదు. నీళ్ళు పడినాయని రాయి. నువ్వు రాస్తే నమ్ముతాది."

నేను రాస్తే నమ్ముతావంట! ఆ రాత్రి కాదు, తెల్లారాక కాగితం తీసుకున్నాను. ఆయన నా పక్కనే కూర్చున్నాడు. నేను ఏ అక్షరం పెట్టినా ఆయనకు అంతుపట్టదు. నిజమంతా రాసి, ఆయన చెప్పిందే రాశానని చదివి వినిపించవచ్చు. ఆ ఒక్కరోజు నా అబద్ధం మంచికి పనికొచ్చేది. అదీ చెయ్యలేదు.

బావకు ఇంకా తెలియదు. నిన్నే తలచుకుని తప్పు తనదంటాడు, చిన్నపిల్లను అన్నిసార్లు అడిగి ఒత్తిడి చేశానంటాడు.

మునినారాయణ


చింతామణి,
3-8-2025

మామా అని రాయడానికి చాలాసేపు పట్టింది.

నువ్వు ఎవరిని ఏడిపించినా నేను నీ పక్కనే ఉండి నవ్వాను. నాయన చెప్పులు వెతుక్కుంటుంటే నేనూ నవ్వాను. అందుకే నిన్ను గట్టిగా తిట్టలేకపోతున్నాను. తిట్టాలని ఉంది.

నువ్వు ఒక మాట మార్చావు. కానీ నిజమేనా అని అడిగినప్పుడు ఏం నాయనా, నేనేం రాశాను అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బెళ్ళి దొడ్లో ఉండేది. ఆట దాచాలని అడగలేదు. ఒక ఆట కోసం. నేను కోటకు అడ్డమనుకున్న నీళ్ళ కోసం మా నాయన దుమ్ము తిన్నాడు.

నీ ఉత్తరం చేతికొచ్చిన రోజే నాయనకు కన్నడంలో ఒక ఉత్తరం రాశాను. పెద్ద అక్షరాలతో, విడివిడిగా, ఆయన ఎవరినీ అడగకుండా చదువుకునేలా. ఆట తీసెయ్యలేదని, తూర్పు మూల ఆటలోదని, ఫోనులో ఎందుకు అలా అన్నానో, అంతా రాశాను. నువ్వు చేసింది కూడా రాశాను. నిన్ను కాపాడలేదు. కన్నడం కాబట్టి వార్డెన్ మొత్తం చదివింది. ఏమైనా అంటుందని నిలబడ్డాను. అద్దాలు తీసి తుడుచుకుని ముద్ర వేసింది. "పోయి కూర్చుని చదువుకో" అంది, అంతే.

ఆట తీసెయ్యొద్దు. నాయన అడిగితే చూపించు. మనిద్దరం ఏం దాచామో ఆయన కళ్ళతో చూడాలి.

నీ ఉత్తరాలకు ఇక జవాబు రాస్తానో లేదో నాకే తెలియదు.

వినుత


బాగేపల్లి,
24-8-2025

వినుతా,

జవాబు రాయకపోయినా ఇది నీకు చేరాలి.

నీ కన్నడ ఉత్తరం వచ్చిన రోజు నేను లోడు దించి వస్తుంటే బావ మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అక్క పెళ్ళయిన ఇన్నేళ్ళలో పండగకు పిలిస్తే తప్ప మా ఇంటికి రాని మనిషి. చెయ్యెత్తుతాడనుకున్నాను. ఎత్తి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

"చూపించు" అన్నాడు.

లాప్‌టాప్ తెరిచాను. బావ చాప మీద కూర్చుని వంగి చూశాడు. పొట్టోళ్ళు తిరుగుతున్నారు. కింది పొరకు దించి తూర్పు మూల చూపించాను. తెర నిండా నీలం. వేలు పెట్టి తాకాడు, తడి ఉందేమో అన్నట్టు.

"ఇన్ని నీళ్ళు పెట్టుకుని అడ్డమంటాండారా?"

"అవును బావా."

"ఎట్ల దాటతారు?"

అన్నాళ్ళుగా పడెయ్యని బిరడా ఆ రోజు ఆయన ముందు పడేశాను. పొడి మట్టి ముద్ద నీళ్ళ పొర మధ్యకు దిగింది. మధ్యలోంచి మెట్లు తవ్వించాను. చుట్టూ నీలమే, లోపల చుక్క లేదు. బావ ఆ మెట్ల వెంట వేలు దించుకుంటూ పోయాడు.

"పొడిగా దిగేది మనకు వాళ్ళ కంటే బాగా చేతనవుతాది" అన్నాడు.

ఆయన నోట ఎగతాళి మాట నేను వినడం అదే మొదలు. నవ్వాల్సిన చోట నవ్వు రాకపోతే ఎట్లా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

మీ అమ్మ నాతో మాట్లాడటం లేదు. బెళ్ళి లేదు కాబట్టి రోజూ పొద్దున మా ఆవు పాలు చెంబుతో తీసుకుపోయి వాళ్ళ గుమ్మంలో పెడుతున్నాను. అక్క తీసుకుంటుంది, చెంబు కడిగి అక్కడే బోర్లిస్తుంది. కడిగిన చెంబు తెచ్చుకుంటున్నాను, అదే పెద్ద భాగ్యం.

బావ లేచి పోతూ గుమ్మంలో ఆగాడు. "ఇంక పాప రాసింది నువ్వు చదవొద్దు. నాకు తెలుగు అక్షరాలు నేర్పు" అన్నాడు.

నేర్పుతున్నాను. ఆయన సాయంత్రం పలకతో వస్తాడు. కన్నడం వచ్చిన కంటికి మన అక్షరాలు చుట్టాల్లాగే కనిపిస్తాయి కాబట్టి అంత కష్టం లేదు, తలకట్టు దగ్గరే కొట్లాట. నన్ను అయ్యవారూ అనడు, మునీ అని కూడా అనడు. "తర్వాత?" అంటాడు. తప్పు చెప్పి ఆట పట్టించే అవకాశం ప్రతి అక్షరానికీ ఉంది. చేతికి వచ్చిన అక్షరం వచ్చినట్టే రాసి చూపిస్తున్నాను.

మాకూ ఇక్కడ ఒక వార్డెన్ వచ్చినట్టయింది. ఈ కాగితం ఆయన కూడబలుక్కుని చదివాకే పోస్టులో పడుతుంది. ఇప్పటికే రెండు చోట్ల ఆపి "ఇదేమి?" అని అడిగాడు. ఒకటి బెళ్ళి, ఇంకొకటి పొడిగా. కింద కొంచెం చోటు వదలమన్నాడు. వదులుతున్నాను.

మునినారాయణ

పాపా
నీళ్ళు పడలేదు
బాగుండాము
చదువుకో
ఇంక నాకే రాయి
నాయన